పాటా పళ్లెం ఒకే కాగితం మీద: విశాఖలో ఒక డిన్నర్ క్యాబరే కేస్ స్టడీ

లాసన్స్ బే వైపు, రెండో అంతస్తులో ఉన్న ఒక రెస్టారెంటు హాలు. అక్కడ జరిగిందే ఈ డిన్నర్ క్యాబరే, అంటే భోజనంతో కూడిన పాటల సాయంత్రం. 60 కుర్చీలు. 12 కొత్త తెలుగు పాటలు, అన్నీ ఈ కాలపు ప్రేమల మీదే: డేటింగ్ యాప్‌లో బయో, బదులు రాని బ్లూ టిక్కులు, ఇంట్లోవాళ్లు పెట్టేసిన మ్యాట్రిమొనీ ప్రొఫైలు, బెంగళూరుకీ వైజాగ్‌కీ మధ్య నలిగిపోయే శనాదివారాలు. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి పాడతారు. వెనక కీబోర్డు, గిటారు, కహోన్ అనే చెక్కపెట్టె వాయిద్యం. మద్యం లేదు. రాత్రి 8 గంటలకు మొదలై 9.50కి ముగుస్తుంది.

ఇలాంటి సాయంత్రాలు మంచి గాయకులుండీ, మంచి వంటుండీ తేలిపోతుంటాయి. దానికి కారణం దాదాపు ప్రతిసారీ ఒకటే. పాటల వరస బ్యాండు దగ్గర ఒక కాగితం మీద ఉంటుంది, వడ్డన వరస వంటింట్లో ఇంకో కాగితం మీద ఉంటుంది. బిర్యానీ కలుపుకుంటున్న మనిషి పాట వినడు. వినే పాట మధ్యలో ప్లేటు వస్తే ఆ పాట అక్కడితో పోయినట్టే. ఈ కార్యక్రమంలో రెండు వరసలనూ ఒకే షీటు మీద రాశాం. దాని ఒక కాపీ సౌండ్ మిక్సర్ దగ్గర, ఒకటి వంటింటి కిటికీ దగ్గర, ఒకటి వడ్డన చూసుకునే కెప్టెన్ జేబులో ఉన్నాయి. మిగతా నిర్ణయాలన్నీ ఆ షీటు నుంచే పుట్టాయి.

రోజు ఎంపిక

శనివారం పెడితే జనం వస్తారని అందరూ అంటారు. వస్తారు. కానీ మన ఊళ్లో మంగళ, శనివారాలు నీసు ముట్టనివాళ్లు చాలామంది. గురువారం బాబా పేరు మీద మానేవాళ్లున్నారు. మార్గశిర మాసంలో గురువారాలైతే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి రోజులు, ఊరి సగం అటే ఉంటుంది. కార్తీకం సంగతి చెప్పక్కర్లేదు. మెనూలో చేప, కోడి ఉన్నాయి కాబట్టి మేం ఆలోచించినవి ఆదివారం, బుధవారం. ఆదివారం రెస్టారెంటుకు ఎలాగూ గిరాకీ ఉంటుంది కాబట్టి హాలు వాళ్లు బేరానికి దిగరు. బుధవారం ఖాళీగా ఉంటుంది. అందుకే హాలుకు అద్దె తీసుకోకపోగా, ప్లేటుకు రూ.100 కార్యక్రమానికి ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారు. మధురవాడ, రుషికొండ ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లకు 7.15కి తలుపులు తెరిస్తే సరిపోతుంది. ఫిబ్రవరి 14 ఉన్న వారం మాత్రం వద్దు. ఆ వారంలో పువ్వుల నుంచి వాద్యకారుల వరకు అన్నిటి రేటూ పెరుగుతుంది, పైగా వచ్చే జంటలకు పాట కంటే ఫొటో ముఖ్యం.

హాలు: స్టేజీ ఎక్కడ

హాలు పొడవు 14 మీటర్లు, వెడల్పు 8, సీలింగు 3 మీటర్లు. సముద్రం వైపు గోడంతా అద్దం, నేల గ్రానైటు. హాలు వాళ్లు ఎప్పుడూ పొడవుకు ఒక చివర స్టేజీ వేస్తారు. అలా వేస్తే ఆఖరి బల్ల 13 మీటర్ల దూరంలో పడుతుంది, అక్కడివాళ్లకు గాయని ముఖం కనబడదు. పొడవాటి గోడకు నడిమధ్యన, అద్దానికి ఎదురుగా వేశాం. ఏ కుర్చీ అయినా ఏడున్నర మీటర్ల లోపే ఉంది. స్టేజీ 3.6 మీటర్ల వెడల్పు, 2.4 లోతు, ఎత్తు 20 సెంటీమీటర్లే. ఈ తరహా పాటకు ఎత్తైన వేదిక పనికిరాదు. కూర్చున్నవాళ్ల కళ్లూ పాడేవాళ్ల కళ్లూ ఇంచుమించు ఒకే మట్టంలో ఉండాలి. 1881లో పారిస్ మోంమార్త్ర్‌లో లె షా న్వార్ అనే క్యాబరే తెరిచిన కాలం నుంచీ క్యాబరే ప్రాణం అక్కడే ఉంది: చిన్న బల్లలు, దగ్గరి గొంతు, పాటకూ పాటకూ మధ్య మాటలతో నడిపించే మనిషి.

అద్దానికి ఎదురుగా స్టేజీ వేస్తే ఒక చిక్కుంది. శబ్దం 8 మీటర్లు వెళ్లి, అద్దానికి కొట్టుకుని, మళ్లీ 8 మీటర్లు వెనక్కి వస్తుంది. మొత్తం 16 మీటర్లు, అంటే 47 మిల్లీసెకన్లు. గాయనికి తన మాట తనకే రెండోసారి వినబడుతుంది, లయ వెనక్కి లాగుతుంది. అద్దం నిండా మందపాటి తెర, వెడల్పుకు రెట్టింపు గుడ్డతో కుచ్చులు పెట్టి వేస్తే అది చాలా వరకు తగ్గింది. సముద్రం కనబడదని హాలు వాళ్లు నొచ్చుకుంటారు. రాత్రి 8 తర్వాత అద్దంలో కనబడేది మన బల్లలూ మన దీపాలే అని ముందురోజు రాత్రి దగ్గరుండి చూపిస్తే ఒప్పుకుంటారు.

బల్లలు: నలుగురివి 12, ఇద్దరివి 6. ఇద్దరి బల్లలను స్టేజీ వెలుగు పడే మొదటి వరసలో వేయలేదు. మొదటిసారి కలుసుకుంటున్నవాళ్లు ఉంటారు, ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లను గోడవారగా, పక్క నుంచి చూసే చోట కూర్చోబెట్టాలి. ముందు వరస స్నేహితుల గుంపులకు ఇస్తే నవ్వు కూడా అక్కడి నుంచే మొదలై వెనక్కి పాకుతుంది.

పాటల తయారీ

డిన్నర్ హాల్లో పాట మొదటిసారి వింటారు, ఒక్కసారే వింటారు. సినిమా పాటలాగా మాట తప్పిపోయినా ట్యూను పట్టుకుని ఊగే వీలు లేదు. ఇక్కడ కథే పాట. అందుకే ప్రతి పాటకూ మూడు చరణాలు, మూడో చరణంలో మలుపు, మొత్తం మూడున్నర నుంచి నాలుగు నిమిషాలు. వేగం 76 నుంచి 104 బీపీఎం (నిమిషానికి అన్ని దెబ్బలు) మధ్యే. 110 దాటితే ఒత్తులున్న మాటలు నలిగిపోతాయి. "ప్రొఫైల్లో పెట్టిన ఫొటో" అని ఆ వేగంలో పాడితే మూడో బల్ల దాకా వెళ్లేసరికి వినబడేది "పోపైపెట్టి" అన్నట్టుగానే ఉంటుంది.

తెలుగులో రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. పొట్టి అచ్చును పొడుగు స్వరం మీద పెట్టకూడదు. "కల" అన్న మాటను రెండు మాత్రలు లాగితే అది "కాల" అవుతుంది, వినేవాడు ఒక క్షణం తడబడతాడు, ఆ క్షణంలో తర్వాతి పాదం దాటిపోతుంది. లాగాలనుకున్న చోట "లేదు", "రాను", "ఏమో" లాంటి దీర్ఘాలున్న మాటలు పడాలి. రెండోది, మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది కాబట్టి మలుపు కూడా చివరి మాట దాకా ఆగగలదు. ఆ మాటకు ముందు బ్యాండు ఒక బార్ (తాళం ఒక చుట్టు) ఆగాలి. బ్లూ టిక్కుల పాట పల్లవి చూడండి:

నీలం గీతలు రెండూ పడ్డాయి
నీ నుంచి మాటొక్కటీ... పడలేదు

ఆ "పడలేదు" ముందు గిటారు, కహోన్ రెండూ ఆగిపోయి, కీబోర్డు ఒక్క స్వరం పట్టి ఉంచుతుంది. ఆ ఖాళీ లేకుండా పాడితే ఎవరూ నవ్వరు, ఎవరి గుండే జారదు. ఖాళీ ఉంటే రెండూ జరుగుతాయి. వాట్సాప్‌లో ఈ నీలి టిక్కులు వచ్చింది 2014 నవంబరులో. హాల్లో ముప్పయ్యేళ్ల లోపువాళ్లకు వాటికి ముందు ప్రేమ ఎలా ఉండేదో గుర్తే లేదు. అందుకే వాటిని వివరించే చరణం రాయకూడదు, నేరుగా బాధలోకి దిగాలి.

రెండో పాట తల్లీకూతుళ్ల సంభాషణ, ఇక్కడి యాసలో:

ఏటమ్మా, ఆ ఫోన్ల పిల్లోడు ఏటంతన్నాడు?
మంచోడేనమ్మా, నిన్నట్నుండి ఏటీ అన్నేదు

ఈ పాటను శ్రీకాకుళం వైపు యాస నోట్లో ఉన్న గాయనే పాడాలి. వేరేవాళ్లు పాడితే వెక్కిరింత అయిపోతుంది, ఇక్కడి జనం ఆ తేడా వెంటనే పట్టేస్తారు. దీనికి కహోన్ పక్కన పెట్టి జముకు వాడాం. జముకుల కథలో వాడే ఆ తీగ వాయిద్యం మాట్లాడినట్టే పలుకుతుంది. తీగ బిగువు మార్చుతూ మీటితే స్వరం జారుతుంది, తల్లి ప్రశ్న తర్వాత ఆ జారుడు వేస్తే అదే జవాబు. దాని శబ్దం చిన్నది. మైకును జముకు నోటికి 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టి, 120 హెర్ట్జ్ కింది శబ్దాన్ని మిక్సర్‌లో కోసేయాలి, లేకపోతే స్టేజీ చెక్క గుబగుబ అంతా వస్తుంది.

మనకు ఈ రకం పాట కొత్త కాదు. ప్రియుడు రాలేదని నిష్ఠూరమాడే జావళి అంటే చిన్న పాట, చురుకైన నడక, ఎదుట కూర్చున్నవాళ్ల కళ్లలోకి చూసి పాడే పాట. అందుకే ఒక పాటను జావళి కట్టడిలోనే రాయించాం: పల్లవి, అనుపల్లవి, చరణాలు, ఖమాస్ రాగం, ఆది తాళం. విషయం మాత్రం "లాస్ట్ సీన్" దాచుకున్న ప్రియుడు. కీబోర్డు మీద తీగల స్వరం పెట్టి గమకాలు వాయించాలని చూడకండి, అది నిలువునా చెడగొడుతుంది. గాయని గమకం వేస్తుంటే కింద ఆధార షడ్జం, పంచమం పట్టి ఉంచితే చాలు. ఆ రాత్రి పెద్దవాళ్లున్న బల్లల నుంచి మొదటి "భేష్" వచ్చింది ఈ పాటకే.

మాటలతో నడిపించే పనికి విడిగా యాంకరును పెట్టలేదు, గాయకుడే చేశాడు. నమూనా హరికథలోని పిట్టకథ. కథ మధ్యలో చిన్న ముచ్చట చెప్పి, నవ్వించి, నవ్వు పూర్తిగా దిగకముందే మళ్లీ పాట ఎత్తుకోవడం. ఆదిభట్ల నారాయణదాసు విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడుగా ఉన్న ప్రాంతం ఇది, ఆ ఒడుపు ఇక్కడి చెవులకు తెలుసు. ముచ్చట 90 సెకన్లు దాటకూడదు. రాసుకుని, టైము చూసుకుని, చూడకుండా చెప్పాలి.

ఇద్దరు అమ్మాయిల ప్రేమ మీద ఒక పాట ఉంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పుతో అది నేరం కాకుండా పోయింది, కానీ కుటుంబంతో వచ్చినవాళ్లున్న హాల్లో దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఆలోచించాల్సిన విషయమే. ముందుమాట ఏమీ చెప్పలేదు. నవ్వుల పాట పక్కన పెట్టలేదు. రెండో భాగంలో మూడో పాటగా, గిటారు ఒక్కదానితో పాడించాం. కామెడీ పాట వెనకాలే వేస్తే నవ్వు ఇంకా గాల్లో ఉంటుంది, అది ఈ పాట మీద పడుతుంది. ఆ అన్యాయం జరగకూడదు.

వంటిల్లు: ఏది, ఎంత, ఎప్పుడు

మనవాళ్లు చేత్తో తింటారు. కుడిచెయ్యి అన్నంలో ఉన్న మనిషి చప్పట్లు కొట్టలేడు. హాల్లో సగంమంది అలా ఉంటే పాట ఎంత బాగున్నా నిశ్శబ్దమే బదులొస్తుంది, గాయకులు డీలా పడిపోతారు. కాబట్టి చేత్తో తినేవన్నీ పాటలు లేని సమయంలో, పుల్లతోనో చెంచాతోనో తినేవి పాటలున్న సమయంలో. నమిలితే కరకరలాడేవి పాటల సమయంలో అసలొద్దు. అప్పడం, వడియం, మురీ మిక్చర్ అన్నీ 8 గంటల లోపే అయిపోవాలి.

షీటు ఇలా నడిచింది. 7.15కి తలుపులు, చిన్న కప్పులో బీచ్ రోడ్డు తరహా మురీ మిక్చర్, నిమ్మరసం. 7.55కి కప్పులన్నీ తీసేయాలి. 8.00 నుంచి 8.08 వరకు రెండు పాటలు. 8.08 నుంచి 8.13 వరకు ముచ్చట్లు, ఆ ఐదు నిమిషాల్లోనే స్టార్టర్ ప్లేట్లన్నీ బల్లల మీదికి చేరాలి. ఐదుగురు వడ్డించేవాళ్లు, మనిషికి మూడేసి ప్లేట్లు, నాలుగు విడతలు. 60 ప్లేట్లకు నాలుగు నిమిషాలు పడుతుంది. 8.13 నుంచి 8.35 వరకు నాలుగు పాటలు, వడ్డన బంద్. 8.35 నుంచి 9.15 వరకు భోజనం, పాటల్లేవు. 9.10కి తీపి బల్లల మీద ఉండాలి. 9.15 నుంచి 9.50 వరకు ఆరు పాటలు. చివర్న అరకు కాఫీ.

స్టార్టరుకు ముళ్లు తీసిన వంజరం. ముళ్లున్న చేప పెడితే తినేవాడి కళ్లు ప్లేటు మీదే ఉంటాయి, ఇక స్టేజీ వైపు ఎత్తడు. మాంసాహారులు 44 మంది అని బుకింగులోనే తెలుసు. మనిషికి 90 గ్రాములు, 4 కిలోల ముక్కలు. తల, తోలు, ముళ్లు పోయాక సగం పైచిలుకే మిగులుతుంది కాబట్టి 7 కిలోల చేప కొనాలి. 4 కిలోలూ ఒకేసారి వేగవు, నాలుగు వాయిలకు ఇరవై నిమిషాలు పడుతుంది, మొదటి వాయి ఆఖరికి మెత్తబడిపోతుంది. అందుకని 7.30కే ముప్పావు వంతు వేయించి ఆరబెట్టి, 8 దాటాక ఒక్కో వాయిని నిమిషంన్నర చొప్పున మళ్లీ నూనెలో వేయాలి. శాకాహారులకు పుల్లకు గుచ్చిన పన్నీరు, పుట్టగొడుగులు.

భోజనానికి కోడి బిర్యానీ. స్టార్టరు తిన్నాక కిలో బియ్యం ఎనిమిది మందికి వస్తుంది. 44 మందికి 5.5 కిలోల బియ్యం, 6.5 కిలోల కోడి. శాకాహారులు 16 మందే అయినా 20 మందికి వండాలి, ఎందుకంటే పనసకాయ పలావు వాసన తగిలాక బిర్యానీ బల్లల నుంచీ అడుగుతారు. పనసకాయ దొరకని రోజుల్లో గుత్తి వంకాయ.

విరామం 40 నిమిషాలెందుకని అడుగుతారు. వడ్డనకు 5, తినడానికి 22 నిమిషాలు. ఆ తర్వాత చేతులు కడుక్కోవడం. హాల్లో వాష్‌బేసిన్లు రెండే. మనిషికి 20 సెకన్లు అనుకున్నా 60 మందికి 10 నిమిషాలు. మళ్లీ కూర్చోవడానికి 3. ఈ పది నిమిషాలను లెక్కలో వేసుకోని కార్యక్రమాల్లో రెండో భాగం మొదటి పాట ఎప్పుడూ క్యూలో నిలబడ్డవాళ్ల వీపులకే పాడాల్సి వస్తుంది. గోరువెచ్చని నీళ్లు, నిమ్మచెక్కతో ఫింగర్ బౌల్స్ పెడితే ఆరేడు నిమిషాలు కలిసొస్తాయి, కానీ అదనంగా ఒక మనిషి కావాలి.

తీపికి మాడుగుల హల్వా, మనిషికి 40 గ్రాములు, మొత్తం 2.4 కిలోలు. రెండు కారణాలకు అది సరిపోయింది. వంటింటి పని ఏమీ లేదు, గది వేడిమిలోనే బాగుంటుంది. పైగా అడ్డాకు దొన్నెలో, చెక్క చెంచాతో ఇస్తే చప్పుడే లేదు. పింగాణీ గిన్నెలో స్టీలు చెంచా టంగుమనడం సన్నని గొంతు మీద సూదిలా గుచ్చుకుంటుంది. స్టార్టర్ ప్లేట్లలోనూ అరిటాకు ముక్క పరిచాం, అందానికి కాదు, చప్పుడు చావడానికి.

శబ్దం

నిండిన హాలు కబుర్లలో ఉన్నప్పుడు మీటరు 72–74 డెసిబెల్స్ చూపిస్తుంది. పాట మొదలైతే అది 60 దగ్గరికి దిగాలి, గొంతు బల్లల దగ్గర 80–82లో ఉండాలి. కబుర్లను మించి వినబడాలని వాల్యూం పెంచుకుంటూ పోతే జనం ఇంకా గట్టిగా మాట్లాడతారు, ఆ పోటీలో ఎప్పుడూ మనమే ఓడిపోతాం. మొదటి పాట మొదటి పాదం మైకు లేకుండా, కీబోర్డు లేకుండా పాడించాం. హాలు సద్దుమణిగాక రెండో పాదంలో మైకు ఎత్తారు. ఇంతకంటే మంచి ఉపాయం మాకు ఇప్పటికీ తెలియదు.

10 అంగుళాల స్పీకర్లు రెండు, స్టేజీకి రెండు వైపులా, నేల నుంచి 2 మీటర్ల ఎత్తులో, ముందు బల్లల తలల మీదుగా వెనక వరసకు గురిపెట్టి. సబ్ వూఫర్ అక్కర్లేదు. పొడవాటి గోడకు స్టేజీ వేసినందువల్ల రెండు చివర్లా పక్క బల్లలకు గొంతు పలచబడుతుంది. అక్కడ చెరో చిన్న స్పీకరు పెట్టి ఆలస్యం కలపాలి. శబ్దానికి మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు. పెద్ద స్పీకరుకు 5 మీటర్ల దూరంలో ఉన్న చిన్నదానికి 15, దానిమీద ఇంకో 10 కలిపి 25 మిల్లీసెకన్లు ఇస్తే గొంతు స్టేజీ మీది నుంచే వస్తున్నట్టుంటుంది. గాయకులు బల్లల మధ్యకు నడవాలనుకుంటే ఏ దారిన నడవాలో నేల మీద టేపు అంటించాలి, స్పీకర్ల ముందుకు వస్తే మైకు కూత పెట్టేస్తుంది. మాటల స్పష్టతంతా 2–4 కిలోహెర్ట్జ్ మధ్యనే ఉంటుంది కాబట్టి కూత వచ్చిందని ఆ భాగాన్ని వెడల్పుగా కోయకూడదు. కూసే స్వరాన్ని వెతికి సన్నగా అక్కడే కోయాలి.

సముద్రపు గాలి గురించి ఇక్కడివాళ్లకు చెప్పాల్సిన పని లేదు, అయినా అద్దెకు వచ్చిన కేబుళ్ల పిన్నుల మీద పచ్చటి మరక ఉందేమో చూడండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే గరగర పోతుంది. తోలు వాయిద్యాలు సాయంత్రానికి సడలిపోతాయి, కహోన్ పెట్టింది అందుకే. గిటారు తీగలు కొత్తవి వేయాలి, ఏసీ రెండు గంటల ముందే వేసి, జనం నిండాక మరోసారి శ్రుతి చూసుకోవాలి.

కరెంటు పోయి జనరేటరు అందుకునే పది పదిహేను సెకన్లలో డిజిటల్ మిక్సర్ ఆరిపోతే మళ్లీ తెరుచుకోవడానికి నిమిషం పైనే పడుతుంది. మిక్సర్‌కు, వైర్‌లెస్ రిసీవర్లకు 1 కేవీఏ యూపీఎస్ పెట్టాలి. బిర్యానీ వేడిగా ఉంచే కరెంటు పాత్రలు, లైట్లు, సౌండు ఒకే లైను మీద ఉండకూడదు. కీబోర్డుతో పాటు ల్యాప్‌టాప్ ఛార్జరు తగిలిస్తే వచ్చే గుయ్యిమనే చప్పుడుకు కీబోర్డును మిక్సర్‌కు కలిపే డీఐ బాక్సులో గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కితే చాలు.

ఆ రాత్రి చెడినవి

మూడో పాట రెండో చరణంలో, హాలంతా ఊపిరి బిగబట్టిన చోట, క్యాష్ కౌంటర్ మీది పేమెంట్ సౌండ్ బాక్స్ "ఎనిమిది వందల నలభై రూపాయలు అందాయి" అని గట్టిగా చెప్పింది. పార్సిల్ తీసుకెళ్తున్న మనిషి అక్కడ స్కాన్ చేశాడు. హాలు పగలబడి నవ్వింది, పాట తిరిగి నిలబడలేదు. సౌండ్ చెక్ జాబితాలో దాన్ని ఆపడం కూడా ఉండాలి, పార్సిల్ కౌంటరు 8 నుంచి 8.35 వరకు, 9.15 నుంచి 9.50 వరకు కింది అంతస్తుకు మారాలి.

మొదటి భాగం ఆరో పాటలో మిక్సీ తిరిగింది. వంటింట్లోవాళ్ల తప్పేం లేదు, షీటు ఉన్నా లోపలికి పాట ఎక్కడుందో తెలియదు, ఎగ్జాస్ట్ ఫ్యాను హోరులో అసలే వినబడదు. విరామంలోనే దీనికి విరుగుడు కనిపెట్టాం. వంటింటి కిటికీ పైన ఒక ఎర్ర బల్బు, దాని స్విచ్చు మిక్సర్ దగ్గర. బల్బు వెలిగితే మిక్సీ లేదు, ప్లేటు బయటికి లేదు, స్వింగ్ తలుపు తీయడం లేదు. 15 మీటర్ల వైరు, హోల్డరు, బల్బు, ఎలక్ట్రీషియన్‌తో కలిపి రూ.600 లోపే. రెండో భాగంలో వంటింటి నుంచి చప్పుడే లేదు. ఎవరైనా ఈ వ్యాసంలో ఒక్కటే తీసుకోదలిస్తే ఆ బల్బు తీసుకోండి.

తొమ్మిదో పాట తర్వాత "సినిమా పాట పాడండి" అని వెనక బల్ల నుంచి కేకలు. మన ఊళ్లో ఇది తప్పదు. పాడితే దానికి ఐపీఆర్‌ఎస్ (పాటల రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ) లైసెన్సు కావాలి, కరావోకే ట్రాక్ వేస్తే సౌండ్ రికార్డింగు హక్కులకు వేరే లైసెన్సు. పైగా ఒక్క హిట్ పాట పాడితే చాలు, ఆ తర్వాత కొత్త పాట ఎవరూ వినరు. గాయకుడు "చివరి పాటకు కోరస్ మీదే, గొంతు దాచుకోండి" అని ఆ ఉత్సాహాన్ని అటు మళ్లించాడు. ఆ కోరస్ రెండే మాటలు, టికెట్ వెనక అచ్చువేసి ఉంది.

చీటీలు, కెమెరాలు

7.15 నుంచి 7.50 వరకు ప్రతి బల్లకూ చీటీలు ఇచ్చాం: "మీకొచ్చిన మెసేజీల్లో మర్చిపోలేని ఒక్క వాక్యం". పేర్లు వద్దు, ఆఫీసు పేరు వద్దు, ఫోను తెరిచి స్క్రీన్‌షాట్ చూపించడం వద్దు. వాటిలో ఐదు ఎంచి 8.08 ముచ్చట్లలో చదివాం. ఎంచేవాళ్లు ఇద్దరుండాలి, కనీసం ఒకరు మహిళ. నవ్వు ఎవరి మీద పడుతుందో చూసి, పక్క బల్లవాళ్లు గుర్తుపట్టగలరనిపించిన ఏ చీటీనైనా పక్కన పెట్టాలి. వైజాగ్‌లో ఎవరో ఒకరికి ఎవరో ఒకరు తెలిసినవాళ్లే. కార్యక్రమం అయ్యాక చీటీలన్నీ చింపేయాలి, ఇన్‌స్టాకు దాచుకోకూడదు.

వీడియో ఆఖరి పాటకు మాత్రమే. అప్పుడు కూడా వెలుగు స్టేజీ మీదే, బల్లలు చీకట్లో. ఇది టికెట్ మీద రాసి ఉంటే గొడవుండదు. ప్రేమ పాటలు వినడానికి వచ్చిన అమ్మాయి మొహం మర్నాడు ఎవరి రీల్‌లోనో కనబడి ఇంట్లో నిలదీయించుకునే పరిస్థితి మనవల్ల రాకూడదు.

అనుమతులు, డబ్బు

పోలీసులకిచ్చే అర్జీలో "భోజనంతో కూడిన సంగీత కార్యక్రమం, మూసి ఉన్న హాలు, మద్యం లేదు, 9.50కి ముగింపు" అని స్పష్టంగా రాయాలి. క్యాబరే అని రాస్తే పాత సినిమాల డ్యాన్సులు గుర్తొచ్చి అక్కర్లేని ప్రశ్నలు వస్తాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకుల మీద ఉన్న నిషేధం మూసిన హాళ్లకు వర్తించదు, కానీ బాల్కనీ తలుపు తీసి ఉంటే అది మూసిన హాలు కాదు. కవి, స్వరకర్తలతో ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. వాళ్లలో ఎవరైనా ఐపీఆర్‌ఎస్ సభ్యులైతే ప్రదర్శన హక్కులు సంస్థకు రాసిచ్చి ఉంటారు, కాబట్టి సొంత పాటకైనా లైసెన్సు తీసుకోవాలి.

టికెట్ రూ.500, భోజనం రూ.900, రెండూ వేరువేరు బిల్లులు. సంగీత ప్రదర్శన ప్రవేశం రూ.500 వరకు జీఎస్టీ మినహాయింపులో ఉంది. దాటితే 18 శాతం. అంటే నమోదైన నిర్వాహకులు టికెట్‌ను రూ.600 చేస్తే చేతికి వచ్చేది రూ.508. వంద పెంచి ఎనిమిది సంపాదించడం దండగ. భోజనం బిల్లు రెస్టారెంటుదే, దాని పన్ను వాళ్లదే. రెండూ కలిపి ఒకే టికెట్‌గా అమ్మదలిస్తే ముందు ఆడిటరుతో మాట్లాడండి.

ఖర్చులు: గాయకులిద్దరికి రూ.10,000, కీబోర్డు 4,000, గిటారు 4,000, కహోన్, జముకు కలిపి 3,500, ఆపరేటరుతో సౌండు 5,000, లైట్లు 2,000, అచ్చు 800, రిహార్సల్ హాలు, టీ టిఫిన్లు 3,000. మొత్తం 32,300. ఎర్ర బల్బు ఖర్చు హాలు వాళ్లే పెట్టుకున్నారు. ఆదాయం మనిషికి 500, హాలు ఇచ్చే 100 కలిపి 600. అంటే 54 కుర్చీలు నిండితేనే ఖర్చులు వస్తాయి, 60 నిండితే మిగిలేది రూ.3,700. కవికీ స్వరకర్తకూ ఇందులోంచి ఇవ్వడం కుదరదు. వాళ్లకు పాటకింత అని ముందే ఇచ్చి, ఆ పెట్టుబడిని అవే పాటలతో జరిగే ప్రదర్శనల మీద పంచుకోవాలి.

లాభం పెంచుకోవడానికి కుర్చీలు 90 చేద్దామని హాలు వాళ్లు అడిగారు. ఆ హాల్లో 90 వేస్తే ఇద్దరి బల్లలు స్టేజీ వెలుగులోకి వస్తాయి, వడ్డన ఐదు నిమిషాల్లో కాదు, ఆ రెండు వాష్‌బేసిన్లకు పదిహేను నిమిషాల క్యూ. దానికి బదులు అవే 12 పాటలతో, అదే షీటుతో వరుసగా రెండు బుధవారాలు పెట్టడం నయం. సౌండు, లైట్ల వాళ్లు రెండు రోజులకు కలిపి తగ్గిస్తారు, రెండోసారికి రిహార్సల్ ఖర్చు ఉండదు, పైగా మొదటి బుధవారం వచ్చినవాళ్లే రెండోదానికి జనాన్ని పంపిస్తారు.